మూత్రపిండ రోగుల చీటీలలోని పొడి అక్షరములు

(బరంపురమున జరిగిన మన సంఘ కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము ఎత్తుకొనిన విషయము వైద్యులు చెప్పదగినది. మేము వైద్యులము కాము. మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, ఈ ఊరి బజారులో దుకాణము పెట్టుకొని బ్రదుకుచున్న వర్తకులము. అయినను సంఘకార్యము మీద వేసికొనిన పిమ్మట జబ్బుపడినవారి కాగితముల కట్టలు మా బల్లమీదికి వచ్చుట తప్పలేదు. వానిలో మూత్రపిండ రోగుల కట్టలే లావుగా నుండుచున్నవి. ఆ కట్టలు విప్పిన ప్రతిసారియు మాకు కనుపించినది ఒక్కటే. ఇంటివారు తెలిసికొనవలసిన ముఖ్యవిషయము కాగితముమీదనే యున్నది. కాని అది రెండు మూడు ఇంగ్లీషు పొడి అక్షరములలో దాగి యున్నది.

మన ప్రాంతమునకు ఈ విషయము ఏల ముఖ్యమో మీరెరుగుదురు. ఇక్కడికి దక్షిణమున ఇచ్ఛాపురము చేరగనే ఉద్దానపు సీమ మొదలగును. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మనకు వియ్యములు కలవు, పుట్టిండ్లు కలవు, వ్యాపారములు కలవు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగానుండు ఆ సీమలో, చక్కెరవ్యాధిగాని రక్తపుపోటుగాని లేనివారికి సైతము మూత్రపిండములు క్షీణించుట చాలకాలముగా చూచుచున్నాము. నీరు, నేల, ఎండలో చాకిరి, వంశము మొదలగు అనేక విషయములను పండితులు పరిశీలించిరి. ఇదియే కారణమని నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండముల పరిశోధన కేంద్రమును 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. సరిహద్దునకు దగ్గరనున్నవారు మాత్రము నేటికిని వైద్యమునకు బరంపురము వచ్చుచునే యున్నారు. వచ్చినవారు మన యిండ్లలోనే దిగుదురు. వారి చీటీలును మన చేతికే వచ్చును.

ఇక మన కష్టము వినుడు. ఆసుపత్రిలో మాట ఒడియా, కాగితము ఇంగ్లీషు, ఇల్లు తెలుగు. రోగికి పథ్యపానములు చూచునది తల్లియో అత్తగారో. ఆమెకు తెలుగు చదువవచ్చును, ఇంగ్లీషు రాదు. మనుమనికి ఇంగ్లీషు వచ్చును, ఒడియా వచ్చును. తెలుగు మాట వచ్చును గాని తెలుగు చదువు రాదు. అక్షరము తెలిసినవానికి అర్థము తెలియదు. అర్థముతో పనియున్న ఆమెకు అక్షరము తెలియదు. ఈ రెంటి నడుమ చీటీ గూటిలో పడియుండును.

కావున మేమొక మార్గము తలపోసితిమి. చీటీమీది అక్షరములను మనుమడు బిగ్గరగా చదువవలెను. వాని నోట అవి ఎట్లు పలుకునో అట్లే మేము తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన అర్థము చెప్పెదము. అమ్మమ్మ ఈ పత్రికను చేత పట్టుకొని సరిచూడవలెను. ఒకరికొకరు తోడైనచో చీటీ మాటలాడును.

పొడి అక్షరములను వైద్యులు మనలను మరుగుపరచుటకు కల్పించిరని తలపరాదు. మన చిట్టా ఆవర్జాలలో మాత్రము పొడి గుర్తులు లేవా? మన చిట్టా పొరుగు వర్తకుని చేతికిచ్చినచో వానికి సగము పంక్తులు బోధపడవు. తొందర పనిగల ప్రతివాడును మాట కుదించును. అయితే చిట్టాలో గుర్తు తప్పినచో రూపాయి పోవును. ఈ చీటీలో గుర్తు తప్పినచో మనిషికి హాని కలుగును. తారతమ్యము అది.

జబ్బు పేరు

మొదట చూడవలసినది జబ్బు పేరు. "ఏ.కె.ఐ." అని యున్నచో మూత్రపిండములకు ఆకస్మికముగా దెబ్బ తగిలినదని అర్థము. వాంతులు విరేచనములతో ఒంటిలోని నీరు పోవుట, తీవ్రమైన అంటువ్యాధి, పాముకాటు, కొన్ని మందులు, రాయి అడ్డుపడుట మొదలగు కారణములచే గంటలలో లేక దినములలో ఈ దెబ్బ తగులును. కారణము తొలగించి తగిన వైద్యము చేసినచో మూత్రపిండములు కోలుకొనుట పెక్కుమందిలో కలదు. కొందరికి నడుమ కొన్నినాళ్లు డయాలిసిస్ అవసరమగును.

"సి.కె.డి." అని యున్నచో అది దీర్ఘకాలపు జబ్బు. దోషము 3 నెలలకు మించి నిలిచియున్నప్పుడే ఈ పేరు పెట్టుదురు. పాత కాగితములలో దీనినే "సి.ఆర్.ఎఫ్." అని వ్రాసెడివారు. చివర "యు" అను అక్షరము చేర్చి "సి.కె.డి.యు." అని వ్రాసినచో కారణము తెలియరాని దీర్ఘవ్యాధి అని అర్థము, ఉద్దానపువారి చీటీలలో కనుపించునది ఇదియే. "డి.కె.డి." అనగా చక్కెరవ్యాధివలన వచ్చినది. "హెచ్.టి.ఎన్." అనగా రక్తపుపోటు. "కె/సి/ఓ" అనగా ఆ జబ్బు ఈ రోగికి పూర్వమునుండి కలదని తెలిసినదే యని అర్థము.

మొదటి అక్షరము "ఏ" యా, "సి" యా అను భేదముమీద ఎంత ఆధారపడునో చూడుడు. మా యెరుకలోని ఒక నేతపనివారి కుటుంబములో, వాంతులు విరేచనములతో చేరిన కుమారుని చీటీపై "ఏ.కె.ఐ." అని వ్రాసియుండెను. కిడ్నీ జబ్బు అన్న మాట చెవిని పడగనే బంధువులు కిడ్నీ మార్పిడి అనిరి, లక్షలు కావలెననిరి. రెండు దినములలో ఇంటిస్థలమునకు బేరము కుదురు స్థితి వచ్చినది. మన సంఘపు యువకుడొకడు వైద్యుని వద్దకు పోయి "అయ్యా, ఇది ఆకస్మికమా, దీర్ఘమా?" అని ఒక్క ప్రశ్న అడిగెను. ఆకస్మికమని, కోలుకొను సూచనలున్నవని వైద్యుడు చెప్పెను. కొన్ని వారములకు పిల్లవాడు మగ్గమెక్కెను. స్థలము నిలిచినది.

"ఇ.ఎస్.ఆర్.డి." అను నాలుగక్షరములు మిక్కిలి భయము పుట్టించును. చివరి దశ అని దాని యర్థము. చివరి దశ మూత్రపిండములకే గాని మనిషికి కాదని గ్రహింపవలెను. డయాలిసిస్ తోను, మార్పిడితోను అనేక సంవత్సరములు సంసారము నడుపుకొనుచున్నవారు కలరు.

రక్తపరీక్ష అంకెలు

రెండవది రక్తపరీక్ష కాగితము. "ఎస్. క్రియాట్." లేక "సి.ఆర్." అనునది క్రియాటినిన్. కండరములనుండి పుట్టు ఈ మలినమును మూత్రపిండములు తోడివేయవలెను. అవి అలసినచో రక్తములో దీని అంకె పెరుగును. పెద్దవారికి డెసిలీటరునకు 0.6 మొదలు 1.2 మిల్లీగ్రాముల వరకు సాధారణమని అనేక పరీక్షశాలలు ముద్రించును. ఇంటివారందరు ఈ అంకె నొక్కటే చూచి ఊరకుందురు. అది చాలదు. దాని క్రింద "ఇ.జి.ఎఫ్.ఆర్." అని యుండును. క్రియాటినిన్, వయస్సు, ఆడ మగ భేదము కలిపి, మూత్రపిండములు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వడపోయుచున్నవో అంచనా కట్టిన అంకె అది.

ఒక ఉదాహరణము లెక్కించి తెచ్చితిమి. క్రియాటినిన్ 1.3 ఉన్న 25 ఏండ్ల యువకునికి, 2021లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము, ఈ వడపోత సుమారు 78. అదే 1.3 ఉన్న 70 ఏండ్ల ముదుసలి స్త్రీకి సుమారు 44. కాగితముపై ఇద్దరికిని 1.3 యే, ఇంటికి పోయి "కొంచెమే ఎక్కువ" అని ఇద్దరును అనుకొందురు. ఆమె అప్పటికే మూడవ మెట్టు సగము దిగియున్నది.

మెట్లనగా ఇవి. 90, అంతకు పైన 1వ మెట్టు. 60 నుండి 89 వరకు 2వది. ఈ రెండు మెట్లలో మూత్రములో ఆల్బుమిన్ వంటి ఇతర దోషమున్నప్పుడే జబ్బు అందురు. 45 నుండి 59 వరకు 3-ఏ. 30 నుండి 44 వరకు 3-బి. 15 నుండి 29 వరకు 4వది. 15కు తక్కువైనచో 5వది. చీటీపై "జి-3-బి" అనియో "స్టేజి 4" అనియో ఉన్నచో ఈ మెట్లనే చెప్పుచున్నారు. 5వ మెట్టు అనగానే ఆనాడే డయాలిసిస్ అని కాదు. రోగి లక్షణములు చూచి వైద్యుడు నిర్ణయించును. అయితే 4వ మెట్టులో నున్నవారు ముందు సంగతి మాటలాడుకొనుటకు అదే తరుణము.

ఇంకొక చిక్కు కలదు. ఒక పరీక్షశాల "బ్లడ్ యూరియా" అని ఇచ్చును, మరియొకటి "బి.యు.ఎన్." అని ఇచ్చును. రెండును ఒకే వస్తువునకు రెండు కొలతలు. బి.యు.ఎన్. అంకెను సుమారు 2.14 తో హెచ్చించినచో యూరియా అంకె వచ్చును. ఈ నెల బి.యు.ఎన్. 40, వచ్చు నెల వేరొకచోట యూరియా 86 వచ్చినచో జబ్బు రెట్టింపైనదని గుండెలు బాదుకొనరాదు. అవి ఇంచుమించు ఒకటే. అటులనే గల్ఫు దేశములలో పనిచేయు మన పిల్లల కాగితములలో క్రియాటినిన్ 150 అని కనుపించవచ్చును. అక్కడి కొలత వేరు, 88.4 తో భాగించినచో మన కొలతలో 1.7 వచ్చును. మణుగులను కిలోలతో పోల్చి బేరమాడు వర్తకుడుండడు గదా.

"కె." అనునది పొటాషియము, దాని లాటిను పేరు కేలియము. "ఎన్.ఏ." అనునది ఉప్పులోని సోడియము, దాని లాటిను పేరు నేట్రియము. "పి." లేక "పి.ఓ.4" అనునది భాస్వరము. "కె." సాధారణముగా 3.5 మొదలు 5 వరకు ఉండవలెను. 6 దాటినచో గుండె నడక తప్పు ప్రమాదము కలదు. ఇది వెంటనే వైద్యునికి తెలుపవలసిన సంగతి. చీటీపై "లో కె. డైట్" అని వ్రాసినచో పొటాషియము తక్కువగల ఆహారమని అర్థము. ఇక్కడనే మన ఆచారము అడ్డువచ్చును. ఉద్దానము చుట్టములు రోగిని చూడవచ్చునప్పుడు చేతిలో కొబ్బరిబొండములు, అరటిపండ్లు లేక రారు. బొండపునీరు చలువయని, మూత్రము సాఫీగా వచ్చునని త్రాగింతురు. బొండపునీటిలోను, అరటిపండులోను పొటాషియము మెండు. ప్రేమతో ఇచ్చినదే ప్రమాదమగును. తక్కువ సోడియమని అమ్ముడుపోవు కొన్ని ఉప్పులలో సోడియమునకు బదులు పొటాషియము కలుపుదురు. వైద్యునడుగక అదియు వాడరాదు.

మందుల వేళలు

మందుల కాగితములో "ఓ.డి." దినమునకు ఒకమారు, "బి.డి." రెండుమారులు, "టి.డి.ఎస్." మూడుమారులు, "క్యూ.ఐ.డి." నాలుగుమారులు, "హెచ్.ఎస్." పరుండు వేళ, "ఏ.సి." భోజనమునకు ముందు, "పి.సి." భోజనము తరువాత, "స్టాట్" తక్షణమే. "ఎస్.ఓ.ఎస్." అన్నచో ఆపద గంట యని భ్రమపడువారు కలరు, అవసరమైనప్పుడు మాత్రమే వేసికొనుమని దాని అర్థము. దానిని నిత్యము మూడుపూటలు మ్రింగించు ఇండ్లు మేమెరుగుదుము.

"యు." లేక "ఐ.యు." అని సూదిమందుల ప్రక్కన ఉండును, కొలతలోని యూనిట్లు. డయాలిసిస్ రోగులకు రక్తము పట్టుటకు ఇచ్చు "ఇ.పి.ఓ." సూదియు, చక్కెరవ్యాధి ఇన్సులిన్ సూదియు ఈ లెక్కనే ఇత్తురు. 10 అంకె ప్రక్కన ఇంగ్లీషు "యు" అక్షరమును గజిబిజిగా వ్రాసినచో అది సున్నవలె కనబడి 100 అని చదువబడు ప్రమాదమున్నది. ఈ కారణముచేతనే అమెరికాలో ఆసుపత్రులను పరిశీలించు జాయింట్ కమిషన్ అను సంస్థ 2004లో వ్రాయకూడని పొడి అక్షరముల పట్టికను ప్రకటించి, "యు", "ఐ.యు." అనువానిని, దినమొకమారు, దినము విడిచి దినము అని సూచించు "క్యూ.డి.", "క్యూ.ఓ.డి." అనువానిని అందు చేర్చినది. వైద్యులకే భ్రాంతి కలిగించు అక్షరములు కలవని వైద్యలోకమే ఒప్పుకొనినప్పుడు, తెలియదని అడుగుటకు మనమేల సిగ్గుపడవలెను?

అన్నిటికంటె మా మనస్సును కలచినది "ఎన్.ఎస్.ఏ.ఐ.డి." అను పదము. కొందరు దానిని "ఎన్‌సెయిడ్" అని పలుకుదురు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ మొదలగు నొప్పిమాత్రల జాతికది పేరు. ఆసుపత్రినుండి పంపునప్పుడు ఇచ్చు కాగితము అడుగున "అవాయిడ్" అను మాటతో అది వ్రాసియుండును. అనగా ఆ జాతి మాత్రలు వాడరాదని హెచ్చరిక. మోకాళ్ల నొప్పులు గల ఒక వృద్ధుడు ఆ కాగితమును దేవునిపటము వెనుక భద్రముగా పెట్టుకొని, ఒక దుకాణములో అడిగి తెచ్చుకొనిన నొప్పిమాత్రను రెండు నెలలు దినము మ్రింగెను. తిరిగి ఆసుపత్రిలో చేరినప్పుడు క్రియాటినిన్ మునుపటికంటె చాల పెరిగియుండెను. హెచ్చరిక కాగితముమీద లేకపోలేదు. అది ఆ యింటిలో నెవరికిని తెలియని అక్షరములలో నుండెను. తోటలలో, మగ్గములపై, మూటలక్రింద నడుము వంచు మనవారికి నొప్పిమాత్ర నిత్యావసరమైపోయినది. కావున ఈ ఒక్క పదమును మాత్రము ప్రతి యింటివారును కంఠస్థము చేయవలెనని ప్రార్థించుచున్నాము. నొప్పికి ఏ మాత్ర తగునో వైద్యునే అడుగవలెను.

నీటి జమాఖర్చు

వార్డులో మంచమునకు వ్రేలాడు కాగితముపై "ఐ/ఓ" అని రెండు గడులుండును. వర్తకులకు దీనిని వేరుగ నేర్పనక్కరలేదు; ఇది నీటి జమాఖర్చు. లోనికి పోయినది ఒక గడి, వెలికి వచ్చినది ఒక గడి. "యు.ఓ.పి." అనగా వచ్చిన మూత్రము. "ఎఫ్.ఆర్. 1 లీ." అనగా దినమంతటికి ద్రవములన్నియు కలిపి 1 లీటరు మించరాదని కట్టడి. ద్రవములనగా మంచినీరు మాత్రమే కాదు. కాఫీ, మజ్జిగ, చారు, గంజి, అన్నియు లెక్కకు వచ్చును. రాత్రి దాహమన్నాడని జాలిపడి నర్సునకు చెప్పక చెంబెడు నీరు ఇచ్చినచో, అది జమ వ్రాయని సరకు వంటిది. లెక్క కుదరదు; వైద్యుడు తప్పు లెక్కనుబట్టి మందు నిర్ణయించును. "ఎన్.పి.ఓ." లేక "ఎన్.బి.ఎం." అని యున్నచో నోటితో ఏమియు ఇయ్యరాదు.

డయాలిసిస్ కాగితములో "హెచ్.డి." అనగా యంత్రముతో రక్తము శుభ్రపరచుట. "పి.డి." లేక "సి.ఏ.పి.డి." అనగా కడుపులోనికి ద్రవము పంపి శుభ్రపరచు పద్ధతి. "డి.డబ్ల్యు." అనగా పొడి బరువు, ఒంటిలో అధికనీరు లేనప్పటి మనిషి బరువు. "యు.ఎఫ్." అనగా యంత్రము తీసివేయు నీరు. లీటరు నీరు ఒక కిలో తూగును గనుక లెక్క తేలిక. పొడి బరువు 52 కిలోలు గల రోగి 54.5 కిలోలతో వచ్చినచో రెండున్నర లీటర్లు అధికముగా చేరినదన్నమాట. ఒక్క పూటలో అంత నీరు లాగునప్పుడు రక్తపుపోటు పడిపోవును, కండరములు పట్టును. ఉప్పు తగ్గించినచో దాహము తగ్గును. దాహము తగ్గినచో ఈ బాధయు తగ్గును. బస్తా తూకమునుండి సంచి తూకము తీసివేయు మనము, ఇంటిలో రోగిని దినము ఒకే వేళకు తూచి వ్రాయలేమా?

చేతినరము

"ఏ.వి.ఎఫ్." అనగా చేతిలోని ధమనిని సిరతో కలిపి డయాలిసిస్ సూదులకై చేయు ఏర్పాటు. ఇది పనికివచ్చునట్లు బలపడుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆ చేతికి రక్తపుపోటు పట్టీ కట్టరాదు, పరీక్షకు రక్తము తీయరాదు, సెలైను ఎక్కింపరాదు, బిగుతు గాజులు తొడుగరాదు, దానిపై తల పెట్టుకొని పరుండరాదు. దినము వ్రేలు ఆనించి చూడవలెను. లోపల ఝుమ్మను కదలిక తెలియవలెను. అది ఆగినచో ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. వేరొక జబ్బునకు వేరొక ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సు ఆ చేయి పట్టుకొనకముందే ఇంటివారు చెప్పవలెను. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఈ ఒక్క వాక్యము ఇంటిలో అందరును నేర్చుకొనుడు.

భయపడనక్కరలేని అక్షరములు

కొన్ని అక్షరములు చూచి ఊరకనే భయపడువారు కలరు. "ఎన్.ఆర్." లేక "నాన్ రియాక్టివ్" అన్నచో ఆ అంటురోగపు పరీక్షలో జాడ కనుపించలేదని మంచి వార్త. డయాలిసిస్ ముందు కామెర్ల బి, సి జాతులకును హెచ్.ఐ.వి.కిని పరీక్ష చేయుట ఆసుపత్రివారి రివాజు. రోగిమీద అనుమానమని ఎంచి తగవులాడరాదు. "ఎన్.ఏ.డి." అన్నచో దోషమేమియు కనుపించలేదని అర్థము. "యు.ఎస్.జి. కె.యు.బి." అనగా మూత్రపిండములు, మూత్రనాళములు, మూత్రాశయములకు తీసిన స్కానింగు. "బి/ఎల్" అనగా రెండు ప్రక్కల.

సంతకమునకు ముందు

"ఎల్.ఏ.ఎం.ఏ." లేక "డి.ఏ.ఎం.ఏ." అను అక్షరములు గల కాగితముపై సంతకమడిగినచో ఆగుడు. వైద్యుని సలహాకు విరుద్ధముగా మా యిష్టముతో రోగిని తీసికొనిపోవుచున్నామని దాని భావము. డబ్బు చాలక పోయినను, వేరొక ఆసుపత్రికి మార్చవలసినను, ఆ కారణము వైద్యునికి చెప్పి, మార్పు చీటీ వ్రాయుమని అడుగవచ్చును. తెలియక చేసిన సంతకము తరువాత మన నోరు కట్టును.

ఒకే అక్షరములకు రెండర్థములుండుటయు మరువరాదు. "ఓ.డి." కంటి వైద్యుని చీటీలో కుడికన్ను. "డి/సి" ఒకచోట మందు ఆపుట, వేరొకచోట ఇంటికి పంపుట. "టి.ఎక్స్." ఒకచోట చికిత్స, ఒకచోట మార్పిడి. కాబట్టి మేము చెప్పిన అర్థమును పట్టుకొని ఎవరును తమకు తాము మందు మానరాదు, పెంచరాదు, తగ్గింపరాదు. ఈ జ్ఞానము ప్రశ్న అడుగుటకు, చెప్పినది సరిగా పాటించుటకు మాత్రమే.

ప్రశ్న అడుగు హక్కు మనకు కలదు. భారత వైద్యమండలి 2002లో చేసిన నిబంధనలలో, రోగిగాని అతని తరపువారుగాని వైద్యరికార్డు కోరినచో 72 గంటలలో ఇయ్యవలెనని యున్నది. 2016లో చేసిన సవరణలో మందుల పేర్లు స్పష్టముగా, వీలైనంతవరకు ఇంగ్లీషు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని చేర్చిరి. వినయముతో అడిగినచో చెప్పని వైద్యుని మేము అరుదుగా చూచితిమి. వరుసలో నూరుమంది యున్నవేళ ఉపన్యాసము కోరక, "ఈ మూడక్షరములకు అర్థమేమి, ఇంటిలో మేమేమి చేయవలెను?" అని రెండు ముక్కలలో అడుగుట మన మర్యాద.

మన కర్తవ్యము

మేము కోరునది మూడు పనులు. మొదటిది: మూత్రపిండ రోగి గల ప్రతి యింట ఒక నోటుపుస్తకము పెట్టుడు. తేదీ, బరువు, రక్తపుపోటు, క్రియాటినిన్, ఇ.జి.ఎఫ్.ఆర్., "కె.", హిమోగ్లోబిన్ అని గళ్లు గీసి తెలుగులో వ్రాయుడు. విడి కాగితము ఒక దినపు సంగతి చెప్పును. గళ్లపుస్తకము జబ్బు ఎటు నడచుచున్నదో చూపును. రెండవది: పుస్తకము మొదటి పుటలో మూడు వాక్యములు ఎర్రసిరాతో వ్రాయుడు: వాడరాని మందులు, సూది గ్రుచ్చరాని చేయి, దినమునకు నీటి కట్టడి. మూడవది: ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడును వచ్చిన యువతీ యువకులు వారమునకొక పూట ఆసుపత్రి వద్ద మనవారికి తోడుగా నిలువవలెను. వారు వైద్యము చెప్పనక్కరలేదు. వైద్యుడు చెప్పినది ఇంటిభాషలో అమ్మకు అర్థమగునట్లు చెప్పిన చాలును. పేర్లు ఇయ్యగోరువారు ఈ సభ ముగియగనే సంఘకార్యదర్శికి ఇయ్యవచ్చును.

తరతరములుగా ఇక్కడ స్థిరపడి, పొరుగుభాషను గౌరవించుచు మన భాషను ఇంటిలో నిలుపుకొంటిమి. పెండ్లిపాటకును పండుగకును నిలిచిన ఆ తెలుగు, మంచముపట్టిన మనిషికి గ్రుక్కెడు నీరు ఇయ్యవచ్చునో ఇయ్యరాదో చెప్పుటకు గూడ అక్కరకు రావలెను. ఈ రాత్రి ఇంటికి పోయి, గూటిలోని చీటీ తీసి, పిల్లలచే ఒక్కమారు చదివింపుడు. తెలియని అక్షరము తగిలినచో దానిని కాగితముపై ఎక్కించి, వచ్చు పరీక్షదినమున వైద్యుని ముందు పెట్టుడు.